‘నేను’ అన్నంత మాత్రాన

సొంత జీవితాన్ని నవల చేసేవాడు ‘నేను’ అనే రాయాలట. ‘అతడు’ అని రాస్తే ధైర్యం చాలలేదని అర్థమట. మన సాహిత్య సభల్లో, పుస్తక సమీక్షల్లో ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, ఇప్పుడు దీన్ని ఎవరూ వాదనగా కూడా చెప్పరు. అందరికీ తెలిసిన సంగతిలా అనేసి ముందుకు పోతారు. ‘ముసుగు లేకుండా రాశారు’ అన్నది మెచ్చుకోలు. ‘ప్రథమ పురుషలోకి తప్పుకున్నారు’ అన్నది నింద. దీని వెనకే ఇంకో మాట వస్తుంది: సొంత బతుకు చెప్పుకునేవాడికి శైలితో పనేముంది, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలదా?

ఈ రెండు మాటలకూ మూలం ఒకటే. నవలలో ‘నేను’ అన్నవాడు కోర్టు బోనులో ప్రమాణం చేసిన సాక్షి లాంటివాడనే నమ్మకం అది. ‘నేను’ అంటే చెప్పినదానికి పూచీ పడినట్టు, పేరు మార్చి ‘అతడు’ అంటే తప్పించుకునే దారి ఉంచుకున్నట్టు. ఈ లెక్క వినడానికి బాగుంటుంది. నవలలు తెరిచి చూస్తే మాత్రం ఒక్కచోటా సరిపోదు. చలం ‘మైదానం’లో ‘నేను’ అంటూ కథ చెప్పేది రాజేశ్వరి. ఆ ‘నేను’ చలం కాదని అందరికీ తెలుసు, ఎవరికీ ఇబ్బంది లేదు. కథకుడికి, రచయితకు వయసులోనో ఊరిలోనో కాస్త పోలిక కనిపించేసరికే ఆ తెలివిడి ఎగిరిపోతుంది. అప్పటిదాకా పాత్రగా ఉన్న ‘నేను’ ఉన్నట్టుండి వాంగ్మూలమైపోతుంది.

టాల్‌స్టాయ్ తొలి పుస్తకం ‘బాల్యం’ సంగతి చూడండి. 1852లో ‘సొవ్రెమెన్నిక్’ పత్రికలో అచ్చయింది. పత్రిక నడిపే నెక్రాసోవ్ ఆ పేరును ‘నా బాల్యపు చరిత్ర’ అని మార్చి వేశాడు. ఇరవై నాలుగేళ్ల రచయితకు ఒళ్లు మండింది. నా బాల్యపు చరిత్ర ఎవరికి కావాలన్నది అతని అభ్యంతరం. రచన మొత్తం ఉత్తమ పురుషలోనే ఉంది. చెప్పేవాడు నికోలెంకా ఇర్తెన్యెవ్, పదేళ్లప్పటి తన సంగతులు పెద్దయ్యాక చెబుతున్నవాడు. తల్లి చిరునవ్వు అతనికి గుర్తుంది. ఆమె పియానో ముందు కూర్చోవడం గుర్తుంది. చివరికి ఆమె శవపేటిక దగ్గర నిలబడి ఏడుస్తున్నప్పుడు ఆ ఏడుపులో ఎంత భాగం చూసేవాళ్ల కోసమో కూడా గుర్తుంది. రష్యన్ సాహిత్యంలో ఇంత నిర్దయగా తన దుఃఖాన్ని తానే పరీక్షించుకున్న పిల్లవాడు అంతకుముందు ఉన్నాడనుకోను.

అయితే టాల్‌స్టాయ్ పుట్టింది 1828లో. తల్లి చనిపోయింది 1830లో. అప్పటికి అతనికి రెండేళ్లయినా నిండలేదు. అంటే ఆ చిరునవ్వు, ఆ పియానో, శవపేటిక పక్కన ఆ పదేళ్ల పిల్లవాడు, అన్నీ అల్లినవే. ‘నేను అన్నాడు కాబట్టి నిజం’ అనేవాళ్లకు ఇక్కడ రెండే దారులు. ఆ పుటలన్నీ అబద్ధమని కొట్టేయాలి, లేదా నిజం అన్నది ‘నేను’లో లేదని, ఇంకెక్కడో ఉందని ఒప్పుకోవాలి. నామటుకు ఆ నిజం ఏడుపును పరీక్షించే ఆ చూపులో ఉంది. తల్లిని ఎరగనివాడే తల్లి పోయిన దుఃఖాన్ని అంత తేటగా చూడగలిగాడేమో కూడా. ఏదేమైనా, పూచీ పడ్డ సాక్షి మాటలు మాత్రం కావవి.

డికెన్స్ కథ ఇంతకన్నా ఇబ్బందికరం. 1824లో తండ్రి అప్పుల కింద మార్షల్సీ జైలుకు పోయాడు. పన్నెండేళ్ల కుర్రవాడు హంగర్‌ఫర్డ్ స్టెయిర్స్ దగ్గర బూటు పాలిష్ తయారుచేసే చోట సీసాలకు కాగితాలు అంటించే పనిలో చేరాడు. ఆ అవమానాన్ని జీవితాంతం దాచుకున్నాడు. ఒకప్పుడు ఆత్మకథ మొదలుపెట్టి కొన్ని పుటలు రాసి వదిలేసి, వాటిని స్నేహితుడు ఫార్‌స్టర్‌కు చూపించాడు. 1849లో ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ మొదలుపెట్టినప్పుడు ఆ పుటలనే, చాలాచోట్ల మాట కూడా మార్చకుండా, పదకొండో అధ్యాయంలోకి దింపాడు. నవలంతా ‘నేను’. మనవాళ్లు ఆదర్శంగా చూపించాల్సిన పుస్తకం ఇదే.

కానీ అతను దింపనిదేమిటో చూడాలి. తండ్రి జైలు నుంచి వచ్చాక కొడుకును పని మాన్పించాడు. తల్లి మాత్రం మళ్లీ పంపాలని చూసింది. ఆ సంగతి తాను ఎన్నటికీ మరిచిపోలేనని డికెన్స్ ఆ వదిలేసిన పుటల్లో రాసుకున్నాడు. అతని జీవితంలోని అసలు గాయం అదీ. నవలలో అది లేదు. డేవిడ్ తల్లి అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. కొడుకు ఆరాధనంతా ఆమెకే. పిల్లవాడిని పనిలోకి తోసే పాపం మర్డ్‌స్టన్ అనే సవతి తండ్రి నెత్తిన పడుతుంది. ‘నేను’ అన్నవాడే కన్నతల్లిని నేరం నుంచి తప్పించి, లేని మనిషిని పుట్టించి అతని మీద వేశాడు. ఇది పిరికితనమా, కళా? రెండూ అని నా అనుమానం. కానీ ‘నేను’ అనడం వల్ల ఆ పిరికితనం తగ్గలేదు సరికదా, దాన్ని దాచుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు. డికెన్స్ 1870లో పోయాక ఫార్‌స్టర్ జీవితచరిత్ర రాసేదాకా ఇరవై ఏళ్లపాటు చదివినవాళ్లకు ఆ సీసాల పని రచయితదని తెలియనే తెలియదు. వాళ్లు ఆ అధ్యాయం చదివి తక్కువ ఏడ్చారా?

మన ఇంటి సంగతికి వద్దాం. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. శాస్త్రిగారు స్వయంగా ఎడింబరో వెళ్లి వ్యవసాయశాస్త్రం చదివి వచ్చినవారు. మొగల్తూరు నుంచి బయల్దేరి బారిష్టరు చదవడానికి సముద్రం దాటిన పార్వతీశం ‘నేను’ అంటూ తన కథ చెబుతాడు. దీన్ని హాస్యనవల అనేసి పక్కన పెట్టేస్తాం కాబట్టి, సొంత అనుభవం మీద కట్టిన నవలల లెక్కలో ఇది రాదు. తెలుగులో ఉత్తమ పురుష పనితనం ఏమిటో చూపించడానికి దీన్ని మించిన పుస్తకం నాకు కనిపించదు.

అందులో ఇద్దరు పార్వతీశాలున్నారు. ఆడవాళ్ల టోపీ నెత్తిన పెట్టుకుని ఊరేగినవాడు ఒకడు. అది ఆడవాళ్ల టోపీ అని తెలిసిన తర్వాత ఆ సంగతి మనకు చెబుతున్నవాడు ఇంకొకడు. మొదటివాడికి తాను చాలా దర్జాగా ఉన్నానని గట్టి నమ్మకం. రెండోవాడు ఆ నమ్మకాన్ని చెక్కు చెదరనివ్వడు. మధ్యలో దూరి ‘పాపం, అమాయకుణ్ణి’ అని సంజాయిషీ ఇవ్వడు. ముఖం మామూలుగా పెట్టుకుని, అప్పటి తర్కాన్ని అప్పటి గాంభీర్యంతోనే అప్పజెబుతాడు. నవ్వంతా ఆ ఇద్దరి మధ్య ఉన్న ఎడంలో పుడుతుంది. అదే కథ ప్రథమ పురుషలో చెప్పి ఉంటే, పల్లెటూరి కుర్రవాణ్ణి చదువుకున్నవాడు ఎగతాళి చేసినట్టు ఉండేది. అందులో క్రూరత్వం తొంగిచూసేది. ‘నేను’ అన్నాడు కాబట్టి ఎగతాళి హక్కు అతనిదే అయింది. ఆ ‘నేను’ నిజాయితీ ముద్ర కోసం పెట్టింది కాదు. ఎవరి మీద నవ్వొచ్చో తేల్చుకుని ఎంచుకున్న పనిముట్టు.

ఇవాళ ‘నేను’ అని రాసే నవలల్లో చాలావాటికి లేనిది సరిగ్గా ఈ ఎడమే. చెప్పే మనిషికి నలభై ఏళ్లు, జరిగినప్పుడు పదిహేను. కానీ ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడతారు. పదిహేనేళ్ల కుర్రవాడు నలభై ఏళ్లవాడి రాజకీయాలు మాట్లాడతాడు, నలభై ఏళ్లవాడు పదిహేనేళ్ల కుర్రవాడి మీద జాలితో కరిగిపోతాడు. ప్రతి గొడవలోనూ తప్పు అవతలివాళ్లదే. సమీక్షకుడు దీన్ని ఆర్ద్రత అంటాడు. నేనైతే తన ఫొటోను తానే దిద్దుకోవడం అంటాను.

ఇప్పుడు ‘అతడు’ సంగతి. జేమ్స్ జాయిస్ తన యౌవనం మీద మొదట ‘స్టీఫెన్ హీరో’ అనే పెద్ద రాతప్రతి తయారుచేశాడు. దాన్ని మధ్యలో వదిలేసి, ఆ సరుకుతోనే ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’ రాశాడు. అది 1916లో పుస్తకమైంది. రెండూ ప్రథమ పురుషే. రెండింట్లోనూ కథానాయకుడు స్టీఫెనే. మన సమీక్షకుల కొలతలో రెండూ సమానంగా పిరికివి. కానీ ఒకటి తెలివైన కుర్రవాడి గురించి తెలివైన కథకుడు ఇచ్చిన వివరణ. రెండోది ఇరవయ్యో శతాబ్దపు నవల రూపాన్నే మార్చేసింది. తేడా సర్వనామంలో లేదు. కథకుడు ఎక్కడ కూర్చున్నాడన్నదాంట్లో ఉంది. మొదటిదాంట్లో అతను పక్కన నిలబడి స్టీఫెన్ గురించి చెబుతాడు. రెండోదాంట్లో స్టీఫెన్ మాటల్లోకే దిగిపోతాడు. పసివాడు పక్క తడిపినప్పుడు భాష పసిభాష. బడిలో ఫాదర్ అన్యాయంగా కొట్టినప్పుడు భాష ఆ చేతుల మంటలా కుదించుకుపోతుంది. పదహారేళ్లకు నరకం గురించి ప్రసంగం విన్నాక వాక్యాల్లో పాపభీతి నిండిపోతుంది. కవిత్వం పిచ్చి పట్టాక వాక్యాలకు అలంకారాలు మొలుస్తాయి. అవి కాస్త అతి అని మనకు తెలుస్తుంది, స్టీఫెన్‌కు తెలియదు. కథకుడు ఒక్క మాట అదనంగా అనడు. శైలే తీర్పు చెబుతుంది.

ఇంకో విశేషం. ఆ నవల చివరి పుటల్లో ‘నేను’ వస్తుంది. స్టీఫెన్ డైరీ రూపంలో. మన సిద్ధాంతం ప్రకారం నిజాయితీ అక్కడే మొదలవ్వాలి. జరిగేది దానికి తలకిందులు. నవల మొత్తంలో స్టీఫెన్ అన్నిటికంటే ఎక్కువ పోజు కొట్టేది అక్కడే. దేశం విడిచి వెళ్తూ జాతి కోసం తానేం చేస్తాడో గొప్పగా రాసుకుంటాడు. ఆ పక్కనే తల్లి అతని బట్టలు సర్దుతూ ఉంటుంది. ఆ రెండూ ఒకచోట పెట్టి జాయిస్ ఊరుకుంటాడు. ‘అతడు’ అన్నంతసేపూ బయటపడ్డ మనిషి, ‘నేను’ అనగానే తనను తాను అలంకరించుకోవడం మొదలుపెట్టాడు.

తెలుగులో ఈ దారిన నడిచిన నవల పేరు చెప్పగానే ‘అంపశయ్య’ అంటారు, వెంటనే ‘చైతన్య స్రవంతి’ అంటారు, ‘జాయిస్ పద్ధతి’ అంటారు, అక్కడితో చర్చ అయిపోతుంది. 1969లో వచ్చిన ఆ నవల ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు. దాన్ని రాసిన దొంగరి మల్లయ్య కూడా అక్కడే చదువుకున్నారు, ఆయనా పల్లె నుంచి వచ్చినవారే. పాఠకులైతే ఇంకో అడుగు ముందుకేసి నవల పేరును రచయిత ఇంటిపేరు చేసేశారు. అంపశయ్య నవీన్ అన్నది ఇప్పుడు ఆయన పేరు. రచయితకూ పాత్రకూ ఇంత గట్టి ముడి మన దగ్గర ఇంకెవరికీ పడలేదు. అలాంటప్పుడు ‘రవి’ ఎందుకు? ‘నేను’ అనేస్తే పోయేదిగా?

పోయేది నవలే. ఉత్తమ పురుషలో భూతకాలం వచ్చిందంటే, చెప్పేవాడు ఆ రోజు దాటి బతికి బట్టకట్టాడని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఎంత ఉక్కిరిబిక్కిరిగా చెప్పినా, ఉద్యోగం వచ్చి స్థిమితపడ్డ ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని చెబుతున్న ధోరణి దాన్ని వదలదు. రవికి ఆ కుర్చీ లేదు. డబ్బు లేదన్న దిగులు, తోటివాళ్ల ముందు చిన్నతనం, ఆడపిల్లల గురించి ఎవరికీ చెప్పుకోలేని ఊహలు, పైకి మర్యాద, లోపల అసూయ, ఇవన్నీ ఆ రోజులోనే ఉన్నాయి. రేపటి నుంచి వెనక్కి చూసి క్షమించేవాడు లేడు. పైగా నవీన్ ‘అతడు’ దగ్గరే ఆగలేదు. వర్ణన ప్రథమ పురుషలో మొదలై, రవి తలలోకి జారి, అక్కడ ‘నేను’, ‘నాకు’ అంటూ సాగి, మళ్లీ బయటకు వస్తుంది. తెలుగు క్రియ చివర పురుష గుర్తు ఉంటుంది. ఆలోచన క్రియ దాకా రాకుండా తెగిపోతే ఎవరు ఎవరి గురించి అంటున్నారో చెప్పే ఆధారం కూడా పోతుంది. ఆ తెగిన వాక్యాల్లో కథకుడూ రవీ ఒకరిలో ఒకరు కలిసిపోతారు. ఇది డబ్లిన్ నుంచి దిగుమతి చేసుకోవడానికి దొరికేది కాదు, ఇక్కడి వాక్యం మీద పడి చేసుకోవలసిన పని. నవలలో సాగతీత ఉంది, కొన్నిచోట్ల ఆలోచనలు వ్యాసాల్లా పెరిగిపోతాయి, అది వేరే మాట. కానీ రచయిత తన అసూయను, తన కాముకతను ఇంత పచ్చిగా బయట పెట్టగలిగింది వాటిని రవి చేతికిచ్చి తాను పక్కకు జరిగినందుకే. దీన్ని తప్పించుకోవడం అనేవాళ్లు ఎవరు ఎవరి నుంచి తప్పించుకున్నారో చెప్పాలి.

‘నేను’ వాదులకు ఈ మధ్య ఆనీ ఎర్నో పేరు బాగా పనికొస్తోంది. 2022లో నోబెల్ వచ్చాక మరీను. సొంత జీవితం తప్ప ఇంకేమీ రాయని రచయిత్రి కదా అంటారు. ఆమె పుస్తకాల్లో అందరూ మిన్నగా చెప్పుకునే వాటిలో ఒకటి, 2008లో వచ్చిన ‘సంవత్సరాలు’, తెరిచి చూశారో లేదో. అందులో ఆమె తన పాత ఫొటోలు వర్ణిస్తూ తనను ‘ఆమె’ అంటుంది. మిగతాదంతా ‘మేమందరం’ అనే ఒక తరం గొంతుతో నడిపిస్తుంది. తన గురించి ‘నేను’ అనదు. కుట్సీ తన చిన్నతనం మీద రాసిన ‘బాయ్‌హుడ్’లో (1997), తర్వాత ‘యూత్’లో (2002) తనను ‘అతడు’ అనే అంటాడు, అదీ వర్తమానకాలంలో. లండన్‌లో కవి కావాలని తిరుగుతూ ఆడవాళ్లతో నీచంగా ప్రవర్తించే ఆ కుర్రవాడి మీద అతనికి చిటికెడు జాలి లేదు. ‘నేను’ అని ఉంటే ఏదో ఒక పుటలో మనం అతన్ని ఓదార్చేవాళ్లం.

ఎదుటివాళ్ల వాదనలో బలమున్న ముక్క ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. శతాబ్దాలుగా ఇతరులు తమ గురించి ‘వాడు’, ‘అది’ అని రాస్తుంటే చదవాల్సివచ్చినవాళ్లకు ‘నేను’ అనడం పోరాడి తెచ్చుకున్న హక్కు. దళిత రచయితలు, స్త్రీలు ఆ మాట అన్నప్పుడు దానికి వేరే బరువుంది. నిజమే. అయితే హక్కు ఉండటం వేరు, దాన్ని వాడి తీరాలని శాసించడం వేరు. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చింది. అందులో ముసలి రూతు తలుచుకుంటుంది. భర్త రూబేను చెప్పినవి, అతనికి అంతకుముందువాళ్లు చెప్పినవి. ఎన్నెలదిన్ని ఎల్లన్న కాలం దాకా ఆ తలపోత వెనక్కి పోతుంది. రాతలో చోటు దొరకని తరాల చరిత్ర నోటి నుంచి నోటికి వచ్చింది కాబట్టి కథనమూ అలాగే నడిచింది. ఏ ఒక్క ‘నేను’కూ అంత చరిత్ర సొంతం కాదు. ఆ నవలను ఎవరైనా ధైర్యం చాలని పుస్తకం అంటారేమో అడిగి చూడండి.

శైలి అక్కర్లేదన్న మాటకు పెద్ద జవాబు అవసరం లేదు, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చాలు. ‘పచ్చ నాకు సాక్షిగా’ చదివి ‘అబ్బ, మాట్లాడినట్టే రాశాడు’ అని మెచ్చుకుంటారు. మాట్లాడినట్టే రాయడం అంత సులువైతే చిత్తూరు జిల్లాలో ఇంటికొక నామిని ఉండాలి. మనం నిజంగా మాట్లాడేది టేపులో పట్టి అచ్చువేస్తే రెండు పుటలు చదవలేం. ఆ వాక్యాల్లో ఏది ఎక్కడ ఆపాలో, అమ్మ తిట్టు ఏ పూట రావాలో, పిల్లవాడికి అర్థంకాని సంగతి మనకు మాత్రం ఎంత అర్థం కావాలో తూచి పెట్టిన చెయ్యి ఉంది. ఆ చెయ్యి కనపడకుండా చేసుకున్నాడు కాబట్టి లేదనుకున్నాం.

ఇంతా చెప్పి నేను ‘అతడు’ పార్టీలో చేరానని అనుకోవద్దు. ప్రూస్ట్ కూడా మొదట ‘అతడు’ అనే రాశాడు. 1890ల చివర ‘జాన్ సాంతెయ్’ అనే పేరుతో తన జీవితమే ప్రథమ పురుషలో వందల పుటలు రాసి, కుదరక వదిలేశాడు. అతను పోయిన ముప్ఫై ఏళ్లకు, 1952లో గానీ అది అచ్చుకాలేదు. ‘నేను’ దొరికాకే అతని మహానవల కదిలింది. అంటే మనవాళ్లు చెప్పిందే నిజమైందా? ఆ ‘నేను’ ఎలాంటిదో చూస్తే ఆ సంబరం నిలవదు. మొదటి సంపుటంలోనే అది స్వాన్ అనే మనిషి ప్రేమకథను ప్రథమ పురుషలో చెప్పడానికి కూర్చుంటుంది. చెప్పేవాడు పుట్టకముందు జరిగిన కథ. స్వాన్ రాత్రిపూట ప్రియురాలి కిటికీ అనుకుని వేరే కిటికీ తట్టడం, ఆ క్షణంలో అతని గుండెలో మెదిలింది, అతనికి వచ్చిన కల, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆ రాతప్రతి ఇవాళ మన సంపాదకుల్లో ఎవరికైనా అందితే మార్జిన్‌లో ఎర్ర సిరాతో ‘ఇది మీకెలా తెలుసు?’ అని రాసి తిప్పి పంపుతారు.